రాజేంద్రలాల్ మిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

రాజేంద్రలాల్ మిత్ర పేరెత్తితే మనవైపు చాలామంది "ఎవరాయన?" అంటారు. పేరు విన్నవాళ్ళయితే "ఆ గోమాంసం వ్యాసం రాసినాయనేగా?" అంటారు. ఈ రెండు ప్రశ్నల మధ్య బోలెడంత మనిషి ఉన్నాడు. కొన్నేళ్ళుగా ఆయన పుస్తకాలు తిరగేస్తున్నాను కాబట్టి, నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలన్నిటినీ ఒకచోట పెట్టి, నాకు తెలిసినంతలో జవాబులు రాస్తున్నాను.

ఇంతకీ ఎవరీయన?

19వ శతాబ్దపు కలకత్తా పండితుడు. సంస్కృత గ్రంథాలను పరిష్కరించి, అంటే రాతప్రతులు పోల్చి తప్పులు దిద్ది, అచ్చువేయించాడు. శాసనాలు చదివాడు, గుళ్ళు కొలిచాడు, ఇళ్ళల్లో మూలపడ్డ రాతప్రతులను లెక్కకు తెచ్చాడు. 1784లో విలియం జోన్స్ కలకత్తాలో పెట్టిన ఏషియాటిక్ సొసైటీకి 1885లో అధ్యక్షుడయ్యాడు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయనే. భారతీయుల చరిత్రను చర్చించే సంఘానికి ఒక భారతీయుడు అధ్యక్షుడు కావడానికి నూట ఒక్క ఏళ్ళు పట్టిందన్నమాట. అసలు 1829 దాకా అందులో భారతీయులకు సభ్యత్వమే లేదు.

ఆధునిక పద్ధతిలో చరిత్ర పరిశోధన చేసిన తొలి భారతీయుల్లో ఒకడని ఆయన్ని అంటారు. ఆ మాటలో అతిశయోక్తి ఏమీ లేదు.

ఎప్పుడు, ఎక్కడ పుట్టారు?

కలకత్తా తూర్పు శివార్లలోని సూరాలో, 1822 ఫిబ్రవరి 16న. కొన్ని పుస్తకాల్లో 1824 అని కనిపిస్తుంది. తండ్రి జన్మేజయ మిత్ర, కులీన కాయస్థ కుటుంబం. పాతకాలపు పేరూ బిరుదులూ ఉన్నాయి గానీ ఈయన నాటికి డబ్బు ఇబ్బంది మొదలైంది. పిల్లలు లేని మేనత్త దగ్గర పెరిగాడు. 1891 జులై 26న కలకత్తాలోనే పోయాడు.

పేరు ముందు "రాజా" ఉంది కదా, జమీందారా?

కాదండీ. అది ప్రభుత్వం 1888లో, అంటే చనిపోవడానికి మూడేళ్ళ ముందు, ఇచ్చిన బిరుదు. అంతకుముందు 1877లో రాయ్ బహదూర్, ఆ మరుసటేడు సి.ఐ.ఇ. అనే ఇంకో సర్కారు బిరుదు ఇచ్చారు. జమీందారీతో ఆయనకున్న సంబంధం వేరే రకం. తండ్రులు పోయిన జమీందారు పిల్లల ఆస్తులను కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చూసేది, మన జిల్లాల్లోనూ పాతవాళ్ళకు ఆ పేరు తెలుసు. ఆ పిల్లలను ఉంచి చదివించడానికి కలకత్తాలో వార్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ అని ఒక హాస్టల్ లాంటిది పెట్టారు. 1856 నుంచి దాదాపు పాతికేళ్ళు దానికి డైరెక్టర్ మన మిత్ర. ఇల్లు గడిచింది ఆ ఉద్యోగంతోనే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జమీందారు బిడ్డల అల్లరి భరించి, మిగిలిన టైములో వేదభాష్యాలు ఎడిట్ చేశాడంటే ఆ ఓపికకు దణ్ణం పెట్టాలి.

డాక్టర్ కావలసిన మనిషి అంటారు, నిజమేనా?

నిజమే. పదిహేనేళ్ళ వయసులో, 1837లో, కలకత్తా మెడికల్ కాలేజీలో చేరాడు. బాగా చదివేవాడు. ద్వారకానాథ్ ఠాగూర్, అంటే రవీంద్రుడి తాతగారు, ఇంగ్లండ్ తీసుకెళ్ళి చదివిస్తానన్నాడు. తండ్రి ఒప్పుకోలేదు. సముద్రం దాటడమంటే అప్పట్లో మాటలా? 1841లో కాలేజీ వదిలేశాడు. లా వైపు వెళ్తే అదీ కలిసి రాలేదు. ఆ తర్వాత భాషల మీద పడ్డాడు. సంస్కృతం, పారశీకంతో పాటు యూరప్ భాషలూ కొన్ని పట్టాడు.

1846లో ఏషియాటిక్ సొసైటీలో లైబ్రేరియన్, అసిస్టెంట్ సెక్రటరీ ఉద్యోగం దొరికింది. అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. పుస్తకాల మీద దుమ్ము దులిపి, వరుసలో పెట్టి, క్యాటలాగ్ రాయడం పని. మరొకరైతే నెల జీతం తీసుకుని ఊరుకునేవారు. ఈయన పదేళ్ళు ఆ అలమరాల మధ్య తిరుగుతూ అక్కడున్నదాన్నంతా చదివేశాడు. సొసైటీ మ్యూజియంలోని వస్తువుల పట్టిక 1849లో ఈయన చేతిమీదుగానే వచ్చింది. నాణెం చేత్తో పట్టుకుని, రాతప్రతి ఆకులు లెక్కపెట్టి, అప్పుడు మాట్లాడే అలవాటు ఆయనకు ఇక్కడే పట్టుబడిందని నా నమ్మకం.

సంస్కృతంలో ఏమేం అచ్చువేయించారు?

పెద్ద పట్టికే ఉంది, మొత్తం రాస్తే విసుగొస్తుంది. సొసైటీ నడిపిన "బిబ్లియోథికా ఇండికా" గ్రంథమాలలో చైతన్యచంద్రోదయ నాటకం, బుద్ధుడి జీవితం చెప్పే లలితవిస్తరం, కామందకీయ నీతిసారం, గోపథ బ్రాహ్మణం, ఐతరేయ ఆరణ్యకం, అగ్నిపురాణం, వాయుపురాణం, అష్టసాహస్రికా ప్రజ్ఞాపారమిత వగైరా వెలువడ్డాయి. ఛాందోగ్యోపనిషత్తుకు ఇంగ్లిష్ అనువాదం చేశాడు. పతంజలి యోగసూత్రాలను భోజుడి వృత్తితో, అంటే వ్యాఖ్యతో, అనువాదంతో 1883లో తెచ్చాడు.

ఈ గ్రంథాలు విడివిడి భాగాలుగా, సీరియల్ మాదిరి వచ్చేవి. లలితవిస్తరం 1853లో మొదలై 1877లో పూర్తయింది. మొదటి భాగం కొన్నవాడి కొడుకు చివరి భాగం కొనుంటాడు.

మన తెలుగువాళ్ళకు ఈయనతో ఏమైనా సంబంధం ఉందా?

నాకు ఇష్టమైన ప్రశ్న ఇది. ఆయన ఆంధ్రదేశం మీద ప్రత్యేకంగా పనిచేసిన మనిషి కాడు. కానీ తైత్తిరీయ బ్రాహ్మణం, తైత్తిరీయ ఆరణ్యకం అనే వేదభాగాలను సాయణ భాష్యంతో సహా పరిష్కరించి అచ్చులోకి తెచ్చింది ఆయనే. కృష్ణయజుర్వేదంలో తైత్తిరీయం మనవైపు వేదపండితుల్లో ఎక్కువమంది చెప్పుకునే శాఖ. బెంగాల్‌లో ఆ శాఖవాళ్ళు దాదాపు లేరు. అంటే తన చుట్టుపక్కల ఎవరూ నోటితో చదవని గ్రంథాన్ని కలకత్తాలో కూర్చుని రాతప్రతుల నుంచి పోల్చి పోల్చి ఎక్కించాడు. సాయణుడు విజయనగర రాజుల ఆశ్రయంలో ఆ భాష్యం రాసినవాడు కాబట్టి ఆ విధంగానూ అది మన గడప దగ్గరి గ్రంథమే.

గుళ్ళో హారతయ్యాక మంత్రపుష్పం చదువుతారు కదా, "యోఽపాం పుష్పం వేద" అని. అది ఆరణ్యకం మొదటి ప్రపాఠకంలో (అధ్యాయం లాంటిది), మనవాళ్ళు అరుణం అనే భాగంలో ఉంది. "సహస్రశీర్షం దేవం" పదో ప్రపాఠకంలో, మహానారాయణోపనిషత్తుగా చెప్పుకునే చోట ఉంది. చిన్నప్పటి నుంచి చెవిన పడ్డ ఆ మాటలను ఆయన పుస్తకం స్కాన్ కాపీలో, పసుపు రంగు తిరిగిన కాగితం మీద పాతకాలపు నాగరి అచ్చులో మొదటిసారి చూసినప్పుడు కాసేపు పేజీ తిప్పలేకపోయాను.

ఆ పదో ప్రపాఠకం మొదట్లో సాయణుడు ఒక ముచ్చట చెబుతాడు. ఈ భాగం ఒక్కో దేశంలో ఒక్కో రకంగా చదువుతారట. ద్రవిడుల పాఠంలో 64 అనువాకాలు (చిన్న విభాగాలు), ఆంధ్రుల పాఠంలో 80, కర్ణాటకులలో కొందరికి 74, మరికొందరికి 89. ఆరు వందల ఏళ్ళ కిందటే "ఆంధ్రుల పాఠం వేరు" అని రాసిపెట్టాడు. మన పంతుళ్ళు ఇప్పటికీ ఆంధ్రపాఠం, ద్రావిడపాఠం అని వాదించుకుంటారు కదా, దాని మూలం ఇదే.

రాతప్రతుల వేట అంటారు, అది ఎలా సాగింది?

1868లో లాహోరు పండితుడు రాధాకృష్ణ గారు వైస్రాయికి ఉత్తరం రాశారు: దేశంలో సంస్కృత గ్రంథాలు ఎక్కడెక్కడ ఉన్నాయో పట్టికలు వేయించండి అని. ప్రభుత్వం డబ్బు కేటాయించింది. బెంగాల్ వైపు పని మిత్ర చేతికి వచ్చింది. ఊళ్ళు తిరగడానికి పండితులను పెట్టారు. వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి, పెట్టెలు తెరిపించి, ఉన్నవి ఉన్నట్టు రాసుకొచ్చేవారు. ఆ వివరాలే 1870ల మొదటి నుంచి "నోటీసెస్ ఆఫ్ సాంస్క్రిట్ మాన్యుస్క్రిప్ట్స్" అని సంపుటాల వారీగా వచ్చాయి.

ఆ సంపుటాల్లో ఒక్కో గ్రంథాన్ని పరిచయం చేసే తీరు చూడాలి. ముందు దేనిమీద రాశారు: నాటు కాగితమా, తాటాకా. కొలతలు అంగుళాల్లో. ఎన్ని ఆకులు, ఆకుకు ఎన్ని పంక్తులు, మొత్తం ఎన్ని శ్లోకాల పరిమాణం. లిపి ఏది, తేదీ ఉందా, ఎవరింట్లో ఉంది, చూడ్డానికి పాతదా కొత్తదా, పద్యమా గద్యమా. చివరికి ఒకే ఒక్క మాట: తప్పులున్నాయి, లేదా లేవు. ఆ తర్వాత మొదటి పంక్తులు, చివరి పంక్తులు, లోపల ఏముందో సారాంశం. ఆస్పత్రిలో కేస్ షీట్ రాసినట్టుంటుంది. మెడికల్ కాలేజీ చదువు వృథా పోలేదేమో అనిపిస్తుంది నాకు.

మనకు ఇలాంటి పని అంతకుముందే సి.పి. బ్రౌన్ తెలుగు గ్రంథాలకు చేశాడు. ఇద్దరినీ పోలిస్తే ఒక తేడా కనిపిస్తుంది. బ్రౌన్ జీతమిచ్చి ప్రతులు రాయించి సేకరించాడు. మిత్ర పద్ధతిలో ప్రతి చాలావరకు సొంతదారు ఇంట్లోనే ఉండిపోయేది, వివరం మాత్రం అచ్చయ్యేది. ఆ ఇళ్ళల్లో ఎన్ని ప్రతులు తర్వాత చెదల పాలయ్యాయో ఎవరు చెప్పగలరు!

ఫోటోగ్రాఫర్ల సంఘం నుంచి గెంటేశారట, ఏం జరిగింది?

1856లో ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ బెంగాల్ పెట్టారు. అందులో మొదటి నుంచీ ఉన్న కొద్దిమంది భారతీయుల్లో మిత్ర ఒకడు, కోశాధికారి కూడా. ఆ రోజుల్లో తెల్లవాళ్ళు పల్లెల్లో నేరం చేస్తే కంపెనీ మామూలు కోర్టులు విచారించడానికి వీల్లేదు. ఆ మినహాయింపు తీసేస్తామని ప్రభుత్వం ప్రతిపాదిస్తే తెల్లవాళ్ళంతా భగ్గుమన్నారు, వాటిని "నల్ల చట్టాలు" అన్నారు. 1857 ఏప్రిల్ 6న కలకత్తా టౌన్ హాల్లో ఆ చట్టాలను సమర్థిస్తూ భారతీయులు సభ పెట్టారు. మిత్ర లేచి నీలిమందు తోటల దొరలను మెత్తగా కాదు, గట్టిగానే ఉతికాడు.

సొసైటీలో ఉన్న తెల్ల సభ్యులకు అది మింగుడు పడలేదు. నువ్వే వెళ్ళిపో అన్నారు. వెళ్ళనన్నాడు. ఓటు పెట్టి తీసేశారు. కెమెరాకూ నీలిమందుకూ ఏం సంబంధం అని మీరడగొచ్చు. ఆ సభ జరిగిన నెల పైచిలుకుకే మీరట్‌లో సిపాయిలు తిరగబడ్డారు. మరో రెండేళ్ళకు బెంగాల్ రైతులే నీలిమందు వేయం పొమ్మన్నారు.

ఫెర్గుసన్‌తో తగాదా దేని గురించి?

జేమ్స్ ఫెర్గుసన్ అప్పట్లో భారతీయ వాస్తు చరిత్రకు పెద్ద దిక్కు. మన అమరావతి శిల్పాలు లండన్‌లో ఒక గుర్రబ్బళ్ళ కొట్టంలో పడుంటే గుర్తించి 1868లో పుస్తకంలోకి ఎక్కించింది ఆయనే, ఆ మేలు ఒప్పుకోవాలి. ఆయన వాదం ఇది: అశోకుడికి ముందు భారతీయులు కట్టింది కర్రతోనే. రాతితో కట్టడం గ్రీకుల పరిచయంతో వచ్చింది.

మిత్ర 1868–69లో ప్రభుత్వ ఖర్చుతో ఒడిశా వెళ్ళాడు. ఆర్ట్ స్కూల్ కుర్రాళ్ళను వెంటబెట్టుకుని భువనేశ్వర్ గుళ్ళ శిల్పాలకు అచ్చులు తీయించాడు, కొలతలు వేయించాడు. ఆ కృషి "యాంటిక్విటీస్ ఆఫ్ ఒరిస్సా" పేరుతో 1875లో ఒకటి, 1880లో ఒకటి, రెండు పెద్ద సంపుటాలుగా వచ్చింది. అందులో ఫెర్గుసన్‌ను నేరుగా ఎదుర్కొన్నాడు. రాతిపని మనవాళ్ళకు సొంతంగానే వచ్చు, గ్రీకులు నేర్పక్కర్లేదు అన్నాడు.

ఫెర్గుసన్ 1884లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు, దాని పేరులోనే "బాబూ రాజేంద్రలాల్ మిత్ర రచనల గురించి ప్రత్యేకంగా" అని పెట్టి మరీ. అది ఇల్బర్ట్ బిల్లు గొడవ రగిలిన కాలం. భారతీయ జడ్జీలు తెల్లవాళ్ళను విచారించవచ్చా అన్నది ఆ గొడవ. ఫెర్గుసన్ ఆ రెండిటినీ ముడిపెట్టాడు: మిత్ర వంటి మనుషుల వివేకం ఇలా ఉంటే ఇలాంటివాళ్ళ చేతికి మనల్ని విచారించే అధికారం ఇస్తారా అని. స్తంభాల గురించి మొదలైన వాదన చర్మం రంగు దగ్గరికి వచ్చి ఆగింది. ఇంకో సంగతి, ఫెర్గుసన్ ఇండియాలో డబ్బు సంపాదించింది నీలిమందు వ్యాపారంలోనే. 1857 నాటి ప్రసంగం ఆయన మనసులో ఉందో లేదో గానీ, చదివేవాళ్ళకు గుర్తు రాకుండా ఉండదు.

ఇంతకీ ఎవరిది రైటు?

ఇద్దరిదీ సగం సగం. కర్రపని ముందు, రాతిపని తర్వాత అన్న మాటలో ఫెర్గుసన్ చాలావరకు కరెక్టే. ఏలూరు జిల్లా గుంటుపల్లి వెళ్ళి, కొండలో తొలిచిన బౌద్ధుల గుండ్రటి చైత్యగుహలోకి వంగి దూరి తల పైకెత్తండి. కొండరాతి కప్పులో వాసాలు, అడ్డకర్రలు చెక్కి ఉంటాయి. ఆ రాయికి వాసాల అవసరమే లేదు! కర్రతో కట్టే అలవాటున్న చేతులు రాతిలోనూ అదే చెక్కాయి. అయితే ఆ చేతులకు గ్రీకులు నేర్పారన్న మాట నిలవలేదు. అక్కడ మిత్ర చెప్పిందే నిలిచింది.

హరప్పా, మొహెంజొదారో సంగతి లోకానికి తెలిసింది 1924లో. అప్పటికి వీళ్ళిద్దరూ లేరు. కాల్చిన ఇటుకల ఆ ఊళ్ళను చూసుంటే ఎవరేమనేవారో!

గోమాంసం వ్యాసం సంగతేమిటి?

1872లో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. ప్రాచీన భారతంలో గోమాంసం తినేవారని వేదాలు, సూత్రగ్రంథాలు, కావ్యాల నుంచి ఉదాహరణలు చూపించాడు. అతిథికి "గోఘ్నుడు" (ఎవరికోసం ఆవును కోస్తారో అతడు) అని పేరుండటం, అతిథికి చేసే మధుపర్కమనే మర్యాదలో పశువు ప్రసక్తి, ఇలాంటివి. భవభూతి ఉత్తరరామచరితం నాలుగో అంకంలో వశిష్ఠుడు వాల్మీకి ఆశ్రమానికి వస్తే పెయ్యను కోశారని ఇద్దరు శిష్యులు మాట్లాడుకుంటారు కదా, దాన్నీ ప్రస్తావించాడు. నాటకం చదివినవాళ్ళకు ఆ ఘట్టం కొత్తేమీ కాదు. ఒక శిష్యుడు ఆ వచ్చినాయన్ని పులో తోడేలో అనుకున్నానంటాడు.

మరి ఎందుకు మానేశారు? బౌద్ధం జీవకారుణ్యాన్ని జనం మనసుల్లో నాటిందని, దాంతో పోటీ పడాల్సి వచ్చిన బ్రాహ్మణ మతం మెల్లగా ఆ అలవాటు వదిలేసిందని ఆయన వివరణ. ఆ తర్వాతి చరిత్రకారులు దీన్ని ఇంకా పొడిగించారు, మార్చారు.

ఇప్పుడు ఈ వ్యాసాన్ని వాట్సాప్‌లో రెండు పక్షాలూ వాడుకుంటాయి. ఒకళ్ళు "చూశారా, ఒక హిందూ పండితుడే చెప్పాడు" అంటారు. ఇంకొకళ్ళు "ఇంగ్లిషువాళ్ళ మెప్పు కోసం రాశాడు" అంటారు. ఈ రెండో మాట అనేవాళ్ళు ఫెర్గుసన్ సంగతి ఒకసారి చదవాలి. తెల్లవాళ్ళ మెప్పు కోరేవాడు టౌన్ హాల్లో అలా మాట్లాడడు. గోమాంసం విషయం తన సొంత సమాజానికే వినసొంపుగా ఉండదని ఆయనకు తెలుసు. దొరికిన ఆధారం ఎవరికి నచ్చినా నచ్చకపోయినా అచ్చువేయడం ఆయన పద్ధతి.

ఆయన పుస్తకాల్లో చదవడానికి సరదాగా ఉండేది ఏది?

"ఇండో ఆర్యన్స్", 1881, రెండు సంపుటాలు. ప్రాచీన భారతీయుల బట్టలు, నగలు, కుర్చీలు, మంచాలు, కల్లు సారాయి, అంత్యక్రియలు ఇలా ఇంటింటి సంగతులు. ఒక వ్యాసం పేరే "ప్రాచీన భారతంలో ఒక పిక్నిక్". హరివంశంలో యాదవులంతా కుటుంబాలతో పిండారక తీర్థానికి విహారానికి వెళ్తారు. ఆటలు, పాటలు, నీళ్ళలో కేరింతలు, వంటలు, మందు. దాన్ని తీసుకుని మన వనభోజనాల కథలా చెప్పాడు. రాజుల పేర్లు, తేదీలు తప్ప చరిత్రలో ఏముందనే పిల్లల చేత ముందు ఇది చదివించాలి.

రవీంద్రుడి "చండాలిక" ఈయన పుస్తకం నుంచే వచ్చిందా?

అవును. నేపాల్‌లో బ్రిటిష్ రెసిడెంట్‌గా ఉన్న బ్రయన్ హాడ్జ్‌సన్ సంస్కృత బౌద్ధ గ్రంథాలు కట్టలు కట్టలుగా సేకరించి కలకత్తా సొసైటీకి పంపాడు. వాటిలో ఏముందో మిత్ర 1882లో "ది సాంస్క్రిట్ బుద్ధిస్ట్ లిటరేచర్ ఆఫ్ నేపాల్" అని క్యాటలాగ్‌గా తెచ్చాడు. పేరుకు క్యాటలాగే గానీ ప్రతి గ్రంథం కిందా కథల సారాంశాలున్నాయి. రవీంద్రుడు ఆ పుస్తకాన్ని దగ్గర పెట్టుకుని ఎన్నో పద్యాలకు, నాటకాలకు కథలు తీసుకున్నాడు. శార్దూలకర్ణావదానమనే బౌద్ధ కథలో బుద్ధుడి శిష్యుడు ఆనందుడు దాహమని నీళ్ళడిగితే మాతంగ కన్య ప్రకృతి నీళ్ళు పోసి మనసు పారేసుకుంటుంది. అదే 1933లో "చండాలిక" అయింది. రవీంద్రుడి నృత్యనాటిక "శ్యామ" కథ కూడా ఇందులోదే. వెంపటి చినసత్యం గారి కూచిపూడి చండాలిక చూసినవాళ్ళు మనలో ఉన్నారు. వాళ్ళకు తెలియకుండానే హాడ్జ్‌సన్ కట్టలూ మిత్ర క్యాటలాగూ వేదిక దాకా వచ్చాయి.

అసలు పనంతా ఆయన దగ్గరి పండితులు చేశారట, పేరు మాత్రం ఈయనదట?

ఈ మాట ఆయన బతికుండగానే పుట్టింది. పండితుల సాయం తీసుకున్నాడు, అందులో దాపరికం లేదు. నేపాల్ క్యాటలాగ్ చేసేటప్పుడు జబ్బు పడితే కొన్ని సారాంశాలు అనువదించి పెట్టిన హరప్రసాద్ శాస్త్రి పేరు ముందుమాటలోనే చెప్పాడు. గోపథ బ్రాహ్మణం మీద హరచంద్ర విద్యాభూషణ్ పేరు కూడా ఉంది. ఇక ఊళ్ళు తిరిగి ప్రతులు చూసిన పండితుల కష్టం తక్కువేమీ కాదు, వాళ్ళకు ఇంకాస్త పేరు దక్కాల్సిందనే నేనూ అంటాను.

కానీ పనంతా వాళ్ళదే అన్నదానికి రవీంద్రుడు తన జ్ఞాపకాల్లో మంచి జవాబు చెప్పాడు. కలానికి ప్రాణముంటే అదీ ఇలాగే వాపోతుంది, సిరా మరకలన్నీ నాకూ కీర్తంతా రాసేవాడికీనా అని!

ఆ జ్ఞాపకాల్లోనే మిత్రను చూడ్డానికి పొద్దున్నే వెళ్ళే సంగతి ఉంది. ఎప్పుడెళ్ళినా ఏదో రాసుకుంటూ ఉండేవాడట. కుర్రాడు వచ్చి పని చెడగొట్టినా ఒక్కసారీ విసుక్కోలేదు, కాగితాలు పక్కనపెట్టి మాట్లాడేవాడు. వినికిడి కాస్త తక్కువ. అందుకని ప్రశ్నలు అడగనిచ్చేవాడు కాదు, తనే ఏదో పెద్ద విషయం ఎత్తుకుని చెప్పుకుంటూ పోయేవాడు. ఆయన ఒక్కడే ఒక సభ అన్నాడు రవీంద్రుడు.

బెంగాలీ భాషకు ఏమైనా చేశారా?

చేశాడు. 1851లో "వివిధార్థ సంగ్రహ" అనే సచిత్ర మాసపత్రిక మొదలుపెట్టాడు. చరిత్ర, జంతువులు, వింతలు, కథలు అన్నీ ఉండేవి. చిన్న రవీంద్రుడు మంచం మీద వెల్లకిలా పడుకుని, ఆ చదరపు పుస్తకం గుండెల మీద పెట్టుకుని నార్వాల్ తిమింగలం గురించి, పాతకాలపు ఖాజీల తీర్పుల గురించి చదువుకునేవాడు. మనలో చందమామ అలా చదవనివాళ్ళెవరు? 1863లో "రహస్య సందర్భ" అని ఇంకో పత్రిక నడిపాడు. బెంగాలీ అక్షరాల్లో భూగోళ పటాలు తయారుచేయించాడు.

సైన్సు మాటలను దేశభాషల్లోకి ఎలా తేవాలన్నదాని మీద 1877లో ఒక పథకం రాశాడు. 1882లో ఠాగూర్ల ఇంట్లో పుట్టిన సారస్వత సమాజానికి ఈయన్నే అధ్యక్షుణ్ణి చేశారు, పారిభాషిక పదాలు ఖాయం చేయడం దాని పని. సంస్కర్త ఈశ్వరచంద్ర విద్యాసాగరుణ్ణి పిలిస్తే, పెద్దవాళ్ళను పెట్టుకోకండర్రా, పెద్దవాళ్ళెప్పుడూ ఒకరితో ఒకరు ఏకీభవించరు అని సలహా ఇచ్చి తప్పుకున్నాడు. ఆ ముక్కే నిజమైంది. భూగోళ పదాల ముసాయిదా మొత్తం మిత్రే చేసి, అచ్చువేయించి అందరికీ పంపాడు. సమాజం ఎంతోకాలం నిలవలేదు. మన పారిభాషిక పదాల సంఘాల్లో ఎప్పుడైనా కూర్చున్నవాళ్ళు ఇది చదివి నవ్వుకుంటారు.

బుద్ధ గయతో ఆయనకేం పని?

1877లో బర్మా రాజు పంపిన మనుషులు మహాబోధి ఆలయం మరమ్మతులు మొదలుపెట్టారు. పాత కట్టడాలు పాడవుతున్నాయని ప్రభుత్వానికి టెన్షన్ పట్టుకుంది. వెళ్ళి చూసి రిపోర్టు ఇవ్వమని మిత్రను పంపింది. ఆ రిపోర్టే పెరిగి 1878లో "బుద్ధ గయ" పుస్తకమైంది. తర్వాత పురావస్తు శాఖవాళ్ళయిన కన్నింగ్‌హామ్, బెగ్లర్ల ఆధ్వర్యంలో పెద్ద మరమ్మతు జరిగింది. ఈరోజు మనం చూసే గుడి చాలావరకు దాని ఫలితం.

రాజకీయాల్లో ఉన్నారా?

జమీందారుల సంఘమైన బ్రిటిష్ ఇండియన్ అసోసియేషన్‌కు అధ్యక్షుడిగా చేశాడు. 1886లో కాంగ్రెస్ రెండో మహాసభ కలకత్తాలో జరిగినప్పుడు ఆహ్వాన సంఘం అధ్యక్షుడు ఈయనే, సభాధ్యక్షుడు దాదాభాయి నౌరోజీ. జమీందారుల పక్షం మనిషని విమర్శ ఉంది, అది న్యాయమైనదే.

ఆయన పరిష్కరించిన గ్రంథాలను ఇప్పుడు నమ్మొచ్చా?

జాగ్రత్తగా. దొరికిన కొద్ది ప్రతులతో, తొందరగా, ఒంటిచేత్తో చేసిన పని. తప్పులున్నాయి. లలితవిస్తరాన్ని తర్వాత జర్మనీలో లెఫ్‌మాన్ మళ్ళీ పరిష్కరించాడు. గోపథ బ్రాహ్మణాన్ని 1919లో గాస్ట్రా, మిత్రే అచ్చుకు సిద్ధం చేసిన ఇంకో గ్రంథం బృహద్దేవతను (ఋగ్వేద దేవతల గురించినది) 1904లో మెక్‌డొనెల్ కొత్తగా తెచ్చారు. పరిశోధనకైతే ఆ తర్వాతివే చూడాలి. అయితే వాళ్ళ బల్ల మీద మిత్ర పుస్తకం ముందే ఉంది. తప్పులు దిద్దడానికైనా ఎవరో ఒకరు మొదట అచ్చువేయాలి కదా.

ఆయన తర్వాత ఆ పని ఎవరు చేశారు?

నేపాల్ క్యాటలాగ్‌కు సాయపడ్డ హరప్రసాద్ శాస్త్రే. మిత్ర పోయాక రాతప్రతుల వేట ఆయన చేతికొచ్చింది. నేపాల్ మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు. 1907లో అక్కడి దర్బారు గ్రంథాలయంలో చర్యాపదాలు, అంటే పాత బౌద్ధ సిద్ధుల పాటలు, దొరికాయి. వాటిని 1916లో అచ్చువేశాడు. బెంగాలీ సాహిత్య చరిత్ర ఇప్పుడు మొదలయ్యేది ఆ తాటాకుల దగ్గరే.

ఎక్కడ దొరుకుతాయి? ఎక్కడ మొదలుపెట్టాలి?

కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి చాలా పుస్తకాల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. పేరు రకరకాలుగా రాసి ఉంటుంది, రాజేంద్రలాల, రాజేంద్ర లాల్ అని మార్చి మార్చి వెతకండి. కొన్ని స్కాన్లలో బొమ్మల పేజీలు మడతపెట్టినవి మడతపెట్టినట్టే ఉంటాయి, ఒడిశా సంపుటాలకు మంచి కాపీ కోసం రెండు మూడు చూడాల్సొస్తుంది. ముందు పిక్నిక్ వ్యాసం చదవండి. వేదం చెప్పుకున్నవాళ్ళు ఇంట్లో ఉంటే ఆరణ్యకం పదో ప్రపాఠకం తెరిచి వాళ్ళ ముందు పెట్టండి. మా ఇంట్లో పెద్దాయన ఫోన్ తెర మీద వేలితో పంక్తి వెంట పంక్తి నడుపుతూ చదివి, ఒకచోట ఆగి, "ఇది ద్రావిడపాఠంరా, మనది కాదు" అన్నారు.